ఎఫ్.ఎం.లో వార్తలెందుకు రావు? పాఠకుల ప్రశ్నలకు ఒక పాత అనౌన్సరు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పాత రేడియో కార్యక్రమాల గురించి నాలుగు ముక్కలు రాస్తే సంచీడు ఉత్తరాలు వచ్చాయి. పాటల గురించి అడిగినవాళ్లకు వచ్చే నెల జవాబిస్తాను. ఈసారి మాటల సంగతి చూద్దాం. రేడియోలో ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు, ఆ లెక్క ఎవరు తేల్చారు అని అడిగినవాళ్లే ఎక్కువమంది. నేను 1974లో ఆకాశవాణిలో అనౌన్సరుగా చేరి రిటైరయ్యేదాకా మైకు ముందే కూర్చున్నాను. ఏ కేంద్రంలోనో చెప్పను. అక్కడివాళ్లతో ఇప్పటికీ పెళ్లిపేరంటాలకు రాకపోకలున్నాయి.

రోజంతా కారులో ఎఫ్.ఎం. వింటాను మేడమ్. పాటలు, జోకులు, ప్రకటనలు తప్ప ఒక్క వార్త వినిపించదు. వాళ్లకు ఆసక్తి లేదా, తెలివి లేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

రెండూ ఉన్నాయి బాబూ, అనుమతే లేదు. ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషను ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందంలోనే సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదని ఉంటుంది. 2011 విధానంలో కాస్త సడలించి, ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క అక్షరం మార్చకుండా ఉన్నదున్నట్లు వినిపించుకోవచ్చన్నారు. ఆ బులెటిన్లు ప్రైవేటు స్టేషన్లకు అందేసరికి 2019 జనవరి అయింది.

తమాషా ఏమిటంటే, అదే విధానంలో కొన్ని విషయాలను వార్తల కింద లెక్కించబోమని రాశారు. ఆటల సమాచారం, ట్రాఫిక్, వాతావరణం, పండుగలు, పరీక్షా ఫలితాలు, కరెంటు, మంచినీళ్ల ప్రకటనలు వంటివి. కాబట్టి మీ ఊళ్లో ఆర్జే “శంకర్‌విలాస్ దగ్గర రాకపోకలు నిలిచిపోయాయి, బ్రాడీపేట లోపలి వీధుల్లోంచి వెళ్లండి” అని చెప్పవచ్చు. ఎందుకు నిలిచిపోయాయో, రోడ్డు మీద బైఠాయించినవాళ్లు ఏం అడుగుతున్నారో చెబితే మాత్రం వార్త అవుతుంది, లైసెన్సుకు ముప్పు వస్తుంది. పేపరు, టీవీ, రేడియో మూడూ ఉన్న యజమానులు దేశంలో ఉన్నారు. పొద్దున తమ పేపర్లో అచ్చయి, మధ్యాహ్నం తమ చానల్లో అరిగిపోయిన సంగతిని కూడా సాయంత్రం తమ రేడియోలో చదవడానికి వీల్లేదు.

ఇన్ని స్టేషన్లు ఏం మాట్లాడుతున్నాయో కనిపెట్టి ఉండడం కష్టమని, భద్రతకు ముప్పని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ ఒక్క విషయంలో మాట తేడా లేదు. గంటకు పది నిమిషాలు వార్తలకు అనుమతించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. సిఫారసును కాదనడానికి ప్రభుత్వానికి అధికారం ఉంది, ఏమీ అనకుండా ఊరుకోవడానికి అంతకంటే ఎక్కువ వెసులుబాటు ఉంది. ఇరవైనాలుగు గంటలూ కేకలు వేసే చానళ్లను కనిపెట్టి ఉండగలిగినవాళ్లకు ఈ పది నిమిషాలు ఏం బరువో నాకైతే అంతుపట్టదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు ఎప్పుడో తీర్పు చెప్పిందని మా లెక్చరర్ అన్నారు. మరి ఇదంతా ఎలా సాగుతోంది?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ

మీ లెక్చరర్ చెప్పింది నిజమే. 1993లో జరిగిన హీరో కప్పు క్రికెట్ ప్రసారం దగ్గర మొదలైన తగాదా అది. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కులు ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. తమ అనుమతి లేకుండా ఆకాశంలోకి సంకేతం పంపడానికి ఎవరికీ హక్కు లేదని కేంద్రం అడ్డుపడింది. దానికి ఆధారంగా చూపింది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. ఆ చట్టం పుట్టిన సంవత్సరంలో మార్కోనీ పదకొండేళ్ల పిల్లవాడు. రేడియో అనే వస్తువే లేని కాలంలో తంతి కోసం రాసిన చట్టంతో వందేళ్లు రేడియోను ఏలారు.

1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులు: పి.బి. సావంత్, ఎస్. మోహన్, మన తెలుగువారైన బి.పి. జీవన్‌రెడ్డి. తరంగాలు ప్రజల ఆస్తి, వాటి వాడకాన్ని ప్రజల మేలు కోసం ఒక స్వతంత్ర సంస్థ నియంత్రించాలి అన్నారు. జీవన్‌రెడ్డి గారు విడిగా రాసిన తీర్పు తప్పకుండా చదవమ్మా. ప్రసారాల మీద గుత్తాధిపత్యం ప్రభుత్వానికీ ఉండకూడదు, డబ్బున్న ఆసామికీ ఉండకూడదు అన్నది ఆయన వాదన. మొదటి సగాన్ని ప్రైవేటు కంపెనీలు, రెండో సగాన్ని ప్రభుత్వం ఎవరికి వీలైనంత వాళ్లు వాడుకున్నాయి.

తీర్పు తరువాత జరిగింది కొద్దే. ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఒక స్వతంత్ర సంస్థ కిందకు తేవడానికి 1990లోనే పార్లమెంటు ఆమోదించి మూలన పడేసిన ప్రసార భారతి చట్టాన్ని 1997లో అమల్లోకి తెచ్చారు. అదే ఏడు పార్లమెంటు ముందుకు వచ్చిన ప్రసార బిల్లు చట్టం కాకుండానే పోయింది. లైసెన్సు ఇచ్చేది, ఫ్రీక్వెన్సీ కేటాయించేది నేటికీ ప్రభుత్వ శాఖలే. కోర్టు అడిగిన స్వతంత్ర సంస్థ కాగితం మీదే ఉండిపోయింది.

ఎమర్జెన్సీలో కిషోర్ కుమార్ పాటలు రేడియోలో ఆపేశారని మా మనవడికి చెబితే పుక్కిటి పురాణమని కొట్టిపారేశాడు. మీరైనా చెప్పండమ్మా.
– ఒక పెద్దాయన, తెనాలి

మీ మనవడికి షా కమిషన్ నివేదిక చూపించండి. ఎమర్జెన్సీ అకృత్యాల మీద విచారణకు 1977లో జనతా ప్రభుత్వం వేసిన కమిషన్ అది. ప్రధాని ఇందిరా గాంధీ ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమానికి సినిమావాళ్లు పాటలు పాడాలి, ప్రచారం చేయాలి అని సమాచార శాఖ పిలిస్తే కిషోర్ కుమార్ సహకరించలేదు. 1976 మే నెలలో ఆయన పాటలను ఆకాశవాణి, దూరదర్శన్ రెండింటిలోనూ ఆపేశారు.

స్టూడియోలో అది ఎలా జరుగుతుందో చెబుతాను. సంకెళ్లు, పోలీసులు ఏమీ ఉండవు. ముందురోజే తయారైన క్యూ షీటు మా చేతికి వస్తుంది. ఏ నిమిషానికి ఏ పాట, ఏ రికార్డు, ఏ వైపు, ఎన్నో పాట, అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజుల్లో హిందీ పాటల షీటులో ఒక వరుస మీద అడ్డగీత, పక్కన మరో గాయకుడి రికార్డు నంబరు, కింద పొట్టి సంతకం. అంతే. కారణం రాయరు, మేము అడగం. యుగళగీతం అయినా పక్కన పెట్టేవాళ్లు. పాపం పక్కన పాడిన ఆవిడ గొంతు కూడా ఆయనతో పాటు ఆగేది. వినేవాళ్లకు ఏదీ తెగినట్లు తెలియదు, ఎందుకంటే పాటకు బదులు పాట వచ్చింది.

ఇంకొకటి. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు తీసేశారు. తెల్లారి పేపర్లు రాకూడదని. రేడియోకు మాత్రం కరెంటు తీయాల్సిన పని పడలేదు. 26 ఉదయం ప్రధాని దేశానికి ఎమర్జెన్సీ సంగతి చెప్పుకున్నది ఆ రేడియోలోనే. పత్రికల మీద సెన్సారు అధికారిని కూర్చోబెట్టాల్సి వచ్చింది, మాకు ఆ అవసరం లేదు, మేము ఆ ఇంటి ఉద్యోగులమే కదా! సమాచార మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్‌ను కొద్ది రోజుల్లోనే తప్పించి విద్యాచరణ్ శుక్లాను తెచ్చారు. ఆ తరువాత బులెటిన్‌లో ఏముంటుందో వినకుండానే చెప్పగలిగేవాళ్లం.

ఆ ఇరవై ఒక్క నెలల్లో బీబీసీ వినని చదువుకున్న ఇల్లు అరుదు. బీబీసీ విలేకరి మార్క్ టలీని దేశం నుంచి పంపించేశారు, షార్ట్‌వేవ్‌ను మాత్రం పంపించలేకపోయారు. చివరికి 1977 ఎన్నికల్లో మొదటిసారి పార్టీలకు ఆకాశవాణిలో మాట్లాడే సమయం ఇచ్చారు. ప్రతిపక్షం వాళ్ల గొంతు మా స్పీకర్లోంచి వస్తుంటే డ్యూటీ రూములో ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

మా నాన్నగారు రేడియోలో ప్రసంగాలు చేసేవారు. ఆయన పాత కాగితాల్లో ఎర్ర పెన్సిలుతో కొట్టేసిన వాక్యాలున్న స్క్రిప్టులు దొరికాయి. ఎవరు కొట్టేశారు, ఏ అధికారంతో?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

వాటిని పారేయకండమ్మా. ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి.

ప్రసంగం చేసేవారు రాతప్రతిని ముందే పంపాలి. ఆ విభాగం చూసే ప్రోగ్రాం అధికారి చదివి, అభ్యంతరమున్న చోట గీత పెట్టి, రికార్డింగుకు వచ్చినప్పుడు మర్యాదగా “ఇది కొంచెం మార్చి చదవండి” అంటారు. కాగితంలో లేని మాట మైకు ముందు అనకూడదు. అన్నా, అది టేపు మీద ఉంది కాబట్టి బ్లేడు, అతుకు టేపు మా దగ్గరే ఉన్నాయి.

ఇక ఏ అధికారం అన్నారు. 1960ల చివర్లో రాసుకున్న ఆకాశవాణి కోడ్ అని ఒకటి ఉంది. తొమ్మిది నిషేధాలు. మిత్రదేశాలను విమర్శించకూడదు, మతాల మీద, కులాల మీద దాడి చేయకూడదు, అశ్లీలం, పరువునష్టం పనికిరావు, హింసకు పురికొల్పకూడదు, కోర్టు ధిక్కారం కూడదు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయవ్యవస్థ నిజాయతీని శంకించకూడదు, రాజ్యాంగాన్ని అగౌరవపరచకూడదు అనేవీ ఉన్నాయి. అసలు మెలిక మిగిలిన రెండింటిలో ఉంది: ఏ పార్టీనీ పేరు పెట్టి తిట్టకూడదు, కేంద్రాన్ని గాని ఏ రాష్ట్రాన్ని గాని శత్రుభావంతో విమర్శించకూడదు. శత్రుభావం ఎక్కడ మొదలవుతుందో తేల్చేది ప్రభుత్వ జీతం తీసుకునే మనిషి. ఇంట్లో చదువుకునే పిల్లలున్న మనిషి. బదిలీ అంటే భయమున్న మనిషి. ఆయన గీత ఎంత ముందుగా గీస్తాడో మీరే ఊహించుకోండి.

నా కళ్ల ముందు జరిగింది ఒకటి చెబుతాను. పాడిపంటల ప్రసంగం. వక్త వ్యవసాయం తెలిసినవాడు. ఆయన కాగితంలో “ఎరువు రైతుకు సమయానికి అందడం లేదు” అని ఉంది. గీత పడ్డాక ఆ వాక్యం “రైతులు ఎరువును సమయానికి తెచ్చి పెట్టుకోవాలి” అయింది. అబద్ధం ఏమీ లేదు చూడండి. వ్యవసాయ సలహాగా అది చక్కని వాక్యం కూడా. తప్పు మాత్రం సర్కారు గోదాము గడప దాటి రైతు వాకిట్లో పడింది. మరుసటి ప్రసంగానికి ఆయన తనంతట తానే రెండో పద్ధతిలో రాసుకొచ్చారు. ఎర్ర పెన్సిలు పెట్టెలోంచి తీయాల్సిన పని పడలేదు.

మీ నాన్నగారి స్క్రిప్టుల్లో మొదటి ఏళ్లవాటినీ చివరి ఏళ్లవాటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గీతలు ఏ కాలానివాటిలో తగ్గాయో నాకు ఉత్తరం రాయండి.

రేడియో పెట్టుకోవడానికి లైసెన్సు ఉండేదట, సినిమా పాటల మీద నిషేధం ఉండేదట. నిజమేనా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

లైసెన్సు నిజం. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1933 నాటి చట్టం అది, 1980ల మధ్యదాకా సాగింది.

సినిమా పాటల సంగతి కేస్కర్ గారి చలవ. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు శాస్త్రీయ సంగీతం మీద ఎంత ప్రేమో సినిమా పాట మీద అంత చిన్నచూపు. వాటిని బాగా కుదించారు. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. అందులో వచ్చే హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా దేశమంతా మోగింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టాకే ఆకాశవాణికి శ్రోతలు తిరిగి వచ్చారు.

మీరు అడగని నిషేధం ఇంకొకటి ఉంది. 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆకాశవాణిలో హార్మోనియం నిషిద్ధం. మన సంగీతంలోని గమకాలకు ఆ వాద్యం పనికిరాదని పెద్దలు తేల్చారు. హార్మోనియం లేకుండా పద్యం ఎత్తుకోమంటే మన రంగస్థలం వాళ్ల అవస్థ ఏమిటో సురభి వాళ్లనడగండి.

ఇరవై ఏళ్ల క్రితం మా పక్కన ఓర్వకల్లులో ఆడవాళ్లు సొంతంగా రేడియో నడిపారు. ఉన్నట్టుండి మూగబోయింది. ఏం జరిగింది?
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

దాని పేరు “మన రేడియో”. 2002 చివర్లో పొదుపు సంఘాల మహిళలు మొదలుపెట్టారు. ఊరి పొలిమేర దాటని చిన్న ట్రాన్స్‌మిటరు. లైసెన్సు లేదని 2003లో కేంద్ర అధికారులు మూయించారు. లైసెన్సు తీసుకోవచ్చు కదా అంటారేమో, అప్పటికి పల్లె సంఘానికి ఇచ్చే లైసెన్సే లేదు! 2002 డిసెంబరు విధానంలో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీశారు. స్వచ్ఛంద సంస్థలకు 2006 చివర్లో గాని అవకాశం రాలేదు. అదే 2006లో బీహారులో మన్సూర్‌పూర్ అనే పల్లెలో, చిల్లర ఖర్చుతో సొంతంగా చేసుకున్న ట్రాన్స్‌మిటరుతో ఒక రేడియో మెకానిక్ నడిపిన ఎఫ్.ఎం.నూ మూయించారు.

జహీరాబాద్ దగ్గర మాచనూరు కథ ఇంకా చిత్రం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు 1990ల చివరికే స్టూడియో కట్టుకుని కూర్చున్నారు. మైకులున్నాయి, పాటలున్నాయి, కొర్రలు, సామలు, జొన్నల గురించి విశ్వవిద్యాలయం కూడా చెప్పలేనన్ని సంగతులున్నాయి. గాలిలోకి వదలడానికి మాత్రం వీల్లేదు. టేపులు చేత పట్టుకెళ్లి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2000 జులైలో హైదరాబాదులో, జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్‌లో యునెస్కో తోడ్పాటుతో జరిగిన సదస్సు ఈ రేడియోలకు అనుమతివ్వాలని కోరింది. చివరికి 2008 అక్టోబరు 15న 90.4 మీద సంఘం రేడియో మొదలైంది. నడిపించిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఆ తల్లులు ఏ తప్పుడు మాట అన్నారని పదేళ్లు ఆపారు? వాళ్ల స్క్రిప్టు ఎవరూ దిద్దలేదు, అసలు చదవనే లేదు. మా స్టూడియోల్లోని ఎర్ర పెన్సిలు గురించి ఇంత రాశాను గాని, ఈ దేశంలో రేడియో మీద జరిగిన పెద్ద సెన్సారు ఇదే. ట్రాన్స్‌మిటరు ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వం చేతిలో ఉంటే, వాక్యాలు దిద్దే శ్రమ దానికి తప్పుతుంది.

స్వేచ్ఛ అని ఊరికే అంటారు గాని, రువాండాలో రేడియో ఏం చేసిందో మరిచారా? నియంత్రణ లేకపోతే ఇక్కడా అదే గతి.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

మరవలేదు. ఆర్.టి.ఎల్.ఎం. అనే ఆ స్టేషను 1993లో మొదలై, 1994 మారణకాండలో టుట్సీ తెగవాళ్లను చంపమని రెచ్చగొట్టింది, ఫలానా చోట దాక్కున్నారని పేర్లు చదివింది. దాన్ని స్థాపించినవారిలో ఇద్దరికి అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2003లో శిక్ష వేసింది. అలాంటి మాటకు శిక్ష ఉండాలి, అందులో నాకు మీతో భేదం లేదు.

అయితే ఆ స్టేషను ఎవరిదో కూడా చూడండి. అధికారంలో ఉన్నవారి అండతో, వారి సన్నిహితుల డబ్బుతో నడిచింది. దాని లైసెన్సు రద్దు చేయాల్సిన చేతులు, దాన్ని పోషించిన చేతులు ఒకటే. మీరు కోరే నియంత్రణ ప్రభుత్వం చేతిలో ఉంటే అక్కడ ఎవరిని ఆపేది? విద్వేషం మాట్లాడినవాడిని కోర్టుకు ఈడ్చడానికి మన చట్టాలు చాలు, అవి పత్రికలకూ టీవీకీ వర్తిస్తూనే ఉన్నాయి. వార్తల జోలికే పోవద్దని ఒక్క రేడియోకే చెప్పడానికి రువాండా సాక్ష్యం సరిపోదు.

మా కళాశాలలో కమ్యూనిటీ రేడియో పెట్టాలనుకుంటున్నాం. ఊళ్లోని మంచినీళ్ల సమస్య మీద పిల్లలతో వార్తలు చదివించవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, శ్రీకాకుళం

వార్తలు చదివించకూడదు. అనుమతి పోతుంది. మీకు దొరికేది వంద వాట్ల ట్రాన్స్‌మిటరు, ముప్పై మీటర్ల స్తంభం. దరఖాస్తు సమాచార శాఖకు. అక్కడి నుంచి ఇతర శాఖల పరిశీలన, ఆ తరువాత ఫ్రీక్వెన్సీ. అనుమతి వచ్చాక ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డింగునూ మూడు నెలలు దాచాలి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. ఈ రెండో నిబంధన మంచిది, దాన్ని గట్టిగా పట్టుకోండి.

నీళ్ల సంగతికి నిబంధనల్లో ఒక చిన్న మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. కరెంటు, నీటి సరఫరా, ఆరోగ్య హెచ్చరికల వంటి ప్రకటనలు వార్తల కిందకు రావు, అయితే అవి స్థానిక అధికారులు ఇచ్చినవై ఉండాలి. అంటే రేపు కుళాయి రాదని పంచాయతీ కార్యాలయం చెబితే మీరు చదవవచ్చు. నాలుగు రోజులుగా రావడం లేదని బిందె పట్టుకుని నిలబడ్డ ఆవిడ చెబితే, అది ఏ ఖానాలో పడుతుందో చెప్పలేం.

నేనైతే ఇలా చేస్తాను. నీళ్లు, ఆరోగ్యం మీద వారం వారం ఒక చర్చా కార్యక్రమం పెట్టండి. ఆ వీధి ఆడవాళ్లను పిలిచి, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారు, ఎంత దూరం, పిల్లలకు కాచి ఇస్తున్నారా అని అడగండి. పక్కన పంచాయతీ ఇంజినీరునూ కూర్చోబెట్టండి. బులెటిన్ అనే పేరు గాని, “తాజా సమాచారం” అనే మాట గాని ఎక్కడా రానివ్వకండి. అనుమతి వచ్చేలోగా పిల్లలకు రికార్డింగ్ నేర్పించండి. మైకుకు జానెడు దూరం, కాగితం తిప్పినప్పుడు చప్పుడు రాకూడదు, ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు “ఊ” కొట్టకుండా తల ఊపితే చాలు. ఫ్యాను తప్పకుండా ఆపించండి. శ్రీకాకుళం ఉక్కకు పిల్లలు గొణుగుతారు, ఆపించండి అంతే.